మొదటి డికాక్షన్

వీపనగండ్లలో కాఫీ వాసన వచ్చే ఇల్లు దశరథానిది ఒక్కటే. వయసులో ఉండగా చిక్కమగళూరు కాఫీ తోటల్లో గుంతలు తవ్వే పనికి పోయి, ఆ రుచి మరిగి వచ్చాడు. గింజలు తెప్పించి పెంక మీద తానే వేయిస్తాడు, రోట్లో దంచుతాడు. తెల్లవారితే ఆ పొడిని నీళ్లలో మరగబెట్టి, బట్టలో వడగట్టి తాగుతాడు. భార్య రాములమ్మకు అది నచ్చదు. ఆమె కోసం దుకాణంలో దొరికే కరిగే పొడి తెచ్చి, చక్కెర వేసి, గ్లాసులో నురుగు తెల్లబడేదాకా చెంచాతో గిలకొట్టి పాలు పోస్తాడు. ఇత్తడి ఫిల్టరు మాత్రం మనసైన వాళ్లు వస్తేనే అటక మీంచి దించుతాడు.

ఆ రోజు దించాడు. తమ్ముడు నాగేశ్ వస్తున్నాడు.

అన్నదమ్ములు ఒకరి గడప ఒకరు తొక్కి ఏళ్లయింది. కాలువ నీళ్ల వంతు దగ్గర మాటామాటా పెరిగి, నాగేశ్ కొడుకు సాయితేజ గడ్డపారతో దశరథం నెత్తి పగలగొట్టాడు. దశరథం పార విసిరితే సాయితేజ వేళ్లు రెండు తెగి బురదలో పడ్డాయి. రెండు కేసులూ వనపర్తి కోర్టులో ఉన్నాయి. పగ మాత్రం కోర్టుకు పోలేదు, ఊళ్లోనే ఉంది. పెద్దనాయినను చంపి జైలుకు పోతానని మొన్న సంతలో సాయితేజ అందరూ వినేలా అన్నాడు. వాడు అన్నంత పనీ చేస్తాడని దశరథానికి తెలుసు. వాడు రాకముందే తానే వాణ్ణి నరకాలన్న ఆలోచన తన కడుపులో లేచి కూర్చున్నదనీ తెలుసు. ఆ ఆలోచనకే జడిసి, తగవులు తీర్చే అబ్దుల్ మజీద్ దగ్గరికి పోయాడు.

ఆ పక్క రాజీ అంటే ఇద్దరూ ఒక్క కుండలోని కల్లు తాగాలి. పోసినవాడు ముందు తాగి, తర్వాత ఎదుటివాడికి ఇవ్వాలి. దశరథానికి డాక్టరు కల్లు మాన్పించాడు. అందుకే దశరథం కాఫీ పెడతానన్నాడు. తాను కల్లు ముట్టడు గనుక మజీద్‌కూ అదే బాగనిపించింది.

అందరూ వచ్చి చాప మీద కూర్చున్నారు. సాయితేజ లోపలికి రాక గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. దశరథం ఫిల్టరు పై గిన్నెలో పొడి వేసి, మెల్లగా అదిమి, మరిగే నీళ్లు పోశాడు. డికాక్షన్ చుక్క చుక్కగా దిగింది, నల్లగా, నూనెలా. పాలు కొంచెమే కలిపాడు. మొదటి డికాక్షన్ వచ్చినవాళ్లకు, మళ్లీ నీళ్లు పోసి దించింది ఇంటివాళ్లకు. తోటలో అదే మర్యాద. దశరథానికి అది తప్ప గుర్తు లేదు. గ్లాసు నాగేశ్ చేతికిచ్చి, ఫిల్టరులో మళ్లీ మరిగే నీళ్లు పోసి కూర్చున్నాడు.

నాగేశ్ ఒక గుక్క తాగాడు. పాకంలాంటి చాయ్ తప్ప ఎరగని నోరు అది. చేదు నాలుకను పట్టుకుని వదల్లేదు. గ్లాసు కింద పెట్టి అన్న చేతుల వైపు చూశాడు. అవి ఖాళీగా ఉన్నాయి.

"నువ్వు తాగవా అన్నా?"

"నాది దిగుతుంది తమ్మీ. నువ్వు తాగు."

"పోసినోడు ముందుగాల తాగాలె గద."

"ఇది కల్లు కాదురా. మొదటిది నీకే."

గుమ్మంలోంచి సాయితేజ చల్లగా అన్నాడు. "ఉమ్మెయ్యి నాయినా. మందు గలిపిండు."

నాగేశ్ ఉమ్మాడు. ఆ ఊపులోనే ఫిల్టరు ఎత్తి అన్న మొహాన కొట్టాడు. కనుబొమ్మ చీలింది. సలసల కాగే నీళ్లు మెడ మీంచి ఛాతీ మీదికి దిగి, చర్మం అంగీకి అతుక్కుపోయింది. అడ్డం వచ్చిన మజీద్‌ను సాయితేజ గోడకేసి తోసి, మూలనున్న రోకలి అందుకున్నాడు. అది దశరథం నెత్తి మీదికి దిగేలోపు రాములమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. చెరుకుగడ విరిచినట్టు ఎముక చప్పుడైంది.

ఆ చప్పుడు తర్వాత దశరథానికి ఇంకేమీ వినిపించలేదు. వేళ్లు లేని చేతికి రోకలి మీద పట్టు చాలదు. గుంజుకుని వాడి మోకాలి మీద కొట్టాడు. వాడు కూలాడు. మళ్లీ కొట్టాడు. మీదపడిన నాగేశ్‌ను పడగొట్టి, రొమ్ము మీద మోకాలు వేసి, రోకలి ఇనుప పొన్ను నొసటికి ఆనించాడు. ఒక్క దెబ్బ చాలు. చెయ్యి పైకి లేచింది కూడా. తన రక్తం తమ్ముడి కళ్లలో కారుతున్నది. సాయితేజ నేల మీద పాకుతూ వద్దు పెద్దనాయినా అంటున్నాడు.

కింద నాగేశ్ మొహంలో దశరథానికి పగ కనిపించలేదు. నిజంగా విషం తాగాననుకున్న మనిషి భయం కనిపించింది.

చేయి చాచి, చాప పక్కన ఒలకకుండా మిగిలిన గ్లాసు అందుకున్నాడు. రోకలి దించకుండానే అడుగుదాకా తాగాడు. నాగేశ్ అన్న గొంతు వైపే చూశాడు. మజీద్ చూశాడు. పాకుతున్నవాడు ఆగి చూశాడు. దశరథానికి నురగ రాలేదు, వాంతి రాలేదు. కనుబొమ్మ నుంచి రక్తం మాత్రం కారుతూనే ఉంది.

"సావలే గదరా," అన్నాడు.

మోకాలి కింది నుంచే నాగేశ్ అడిగాడు. "మరి గంత చేదేందన్నా?"

"దాని రుచే గది."

"మీ రుచి పాడుగాను," అంది రాములమ్మ గోడ పక్క నుంచి. "నా చెయ్యి జూడున్రి."

దశరథం రోకలి వదిలాడు. మజీద్ ఆటో పిలిచాడు. కుంటుతూనే సాయితేజ వచ్చి, పెద్దమ్మ విరిగిన చేతిని తన ఒళ్లో పెట్టుకుని, కుదుపు తగలకుండా వనపర్తి దాకా పట్టుకున్నాడు.

దవాఖానలో డాక్టరు నలుగురినీ ఎగాదిగా చూశాడు. ఎట్ల విరిగిందని అడిగాడు. పోలీసులకు చెప్పాల్సిన కేసేమో అన్నాడు. సాయితేజ తల గోడకు ఆనుకుంది. రాములమ్మ వాడి వైపు చూడకుండా, వాకిట్లో జారి పడ్డానని చెప్పింది. డాక్టరు దశరథం మెడ మీది బొబ్బల వైపు తిరిగాడు.

"మరి ఇది?"

దశరథం తమ్ముడి వైపు చూశాడు. నాగేశ్ తల దించుకుని ఉన్నాడు.

"కాఫీ ఒలికింది సారూ," అన్నాడు దశరథం. "చెయ్యి జారి నేనే ఒలకబోసుకున్న."