గంగాదేవి గుండె కొట్టుకునే బోరు

గంగాదేవికి అన్యాయం జరిగింది 1999 మే పద్దెనిమిది, మంగళవారం నాడు.

ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున గుమ్మఘట్ట పక్కన ఐదు పల్లెలకు సైకిలు మీద మందుల సంచి మోసేది ఆమె. ఆ రోజు కడుపులో సంగటి ముద్ద కూడా లేకుండా గుట్టదారి ఎక్కుతూ ఎండకు కళ్లు తిరిగి పడింది. సంస్థ సూపర్వైజరు వచ్చి, ఆమె మణికట్టయినా ముట్టుకోకుండా ‘గుండె బలహీనం’ అని రాసి, సంచిని తన బామ్మర్ది తిప్పేష్ మోటారుసైకిలుకు తగిలించినాడు. తిప్పేష్ దాన్ని టీ అంగడి దాకా మోస్తాడు. తారు రోడ్డు లేని పల్లెలకు రోగాలు కూడా రావని వాడి నమ్మకం కాబోలు.

ఆ గుండె సంగతి సూపర్వైజరు కంటే ఊళ్లోవాళ్లకే బాగా తెలుసు. గంగాదేవి బావ బసప్ప చేలో మూడొందల ఎనభై అడుగులకు దించినా నీళ్లు పడని బోరు ఒకటుంది. వేసిన రోజు నుంచీ దాని పైపులో గంగాదేవి గుండె కొట్టుకుంటోంది. ఆమె ఎవరితోనైనా కొట్లాడితే చేలో కలుపు తీసే ఆడవాళ్లకు తెలిసిపోయేది. మొగుడు బెంగళూరు నుంచి దిగిన రాత్రి మరుసటి పొద్దున ఎవరూ ఆమె ముఖం చూసి నవ్వాపుకోలేకపోయేవాళ్లు.

2002 వేసవిలో రోడ్డు లేని పల్లెలో ఇద్దరు పసిబిడ్డలు వాంతులు, విరేచనాలతో పోయినారు. సంస్థకు కొత్తగా వచ్చిన డాక్టరు హేమలత పాత కాగితాలు తిరగేసి, మళ్లీ పనిలోకి రమ్మని గంగాదేవిని పిలిపించింది. సూపర్వైజరు ఊరికే ఒప్పుకుంటాడా? షరతు పెట్టినాడు. సెప్టెంబరులో సంచితో పన్నెండు కిలోమీటర్లు తొక్కాలి, దిగిన ఐదు నిమిషాల్లో నాడి వందలోపుకు రావాలి. రాకపోతే మళ్లీ అడగకూడదు.

గంగాదేవి మూడేళ్ల దుమ్ము దులిపి సైకిలు తీసింది. మొదటి రోజు గుట్టదారి మీద ఆమె గుండె నూటా ఎనభై దాటింది. పైపుకు చెవి పెట్టిన బసప్పకు ఒళ్లు పులకరించింది. చేలో వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. బోరు ఇట్లా అదిరితే అడుగున బండ పగిలి నీళ్లు ఎగదన్నుతాయని ఆయన లెక్క. రోజూ సద్ది తెచ్చిచ్చి మరీ ఇంకా గట్టిగా తొక్కమన్నాడు. ఆమెకూ అదే బలమనిపించింది. పది రోజులకు అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. పొద్దున పడక మీంచి లేవకముందే నాడి తొంభై రెండు.

హేమలత మూడు వేళ్లతో మణికట్టు పట్టుకోవడం నేర్పించింది.

“దడదడ కొట్టుకోవడం బలం కాదు గంగమ్మా. అదే గుట్టను తక్కువ కొట్టుకుంటూ ఎక్కితే బలం. మాట్లాడుతూ తొక్కు. మాట తెగితే నిదానించు.”

దారిలో మాట్లాడటానికి ఎవరున్నారు? సూపర్వైజరును తిడుతూ తొక్కింది. తిట్టు మధ్యలో తెగితే వేగం తగ్గించింది. వారానికి రెండు రోజులు మాత్రమే గుట్ట, ఒక రోజు పూర్తిగా విశ్రాంతి. పొద్దున్నే నాడి లెక్కపెట్టి గోడ మీద బొగ్గుతో రాసుకుంది. ఎనభై ఆరు. డెబ్బై తొమ్మిది. అరవై ఎనిమిది.

బోరు నెమ్మదించింది. బసప్ప వాకిట్లోకొచ్చి నిలబడినాడు.

“బోరును సంపుతాండావు గంగా.”

“గట్టిగా తొక్కినన్నాళ్లూ నేను సస్తాంటిని బావా. అప్పుడు నీకు కనపడలేదా?”

“చెనక్కాయ ఎండిపోతాంది. ఒక్క నెల...”

“నా గుండె పగిలితే వచ్చేది నీళ్లు కాదు, నెత్తురు.”

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

పరీక్ష నాడు హేమలతను కాన్పు కేసుకు పిలిపించడంతో గడియారం సూపర్వైజరు చేతికొచ్చింది. ఎదురుగాలి. గంగాదేవి గుట్ట ఎక్కి, దిగి, బసప్ప చేను గట్టు దగ్గర సైకిలు ఆపింది. అక్కడ బసప్పతో పాటు ఊరివాళ్లు గుమిగూడినారు. సూపర్వైజరు ఈసారి మణికట్టు పట్టుకున్నాడు. నాలుగు నిమిషాలకు వదిలేసి, నూటా ఇరవై నాలుగని ప్రకటించినాడు.

పక్కనే పైపు నిదానంగా కొట్టుకుంటోంది. అబద్ధమని అందరికీ వినపడుతోంది, అంకె చెప్పేవాళ్లే లేరు.

“ఇంకో నిమిషం ఉండాది. బోరును లెక్కపెట్టండి,” అంది గంగాదేవి.

సూపర్వైజరు నవ్వి, ఊరివాళ్లలో వాచీ ఉన్నది బసప్పకే కదా, ఆయన్నే చెప్పమన్నాడు. బావామరదళ్లకు పడదని, బోరు గట్టిగా అదరడమే బసప్పకు కావాలని సూపర్వైజరుకూ తెలుసు. గంగాదేవికి కోపం పొంగింది. పైపు చప్పుడు ఒక్కసారిగా ఎగసింది. కోపం గెలిస్తే ఉద్యోగం పోయినట్టే. ఆమె ఆ మనిషి మీద నుంచి చూపు తిప్పుకుని, ఊపిరిని మెల్లగా వదిలింది. మళ్లీ వదిలింది. చప్పుడు దిగింది.

బసప్ప మోకాళ్ల మీద కూర్చుని పైపుకు చెవి ఆనించినాడు. నిమిషం నిండా కదల్లేదు. వెనకాల చెనక్కాయ ఆకులు గాలికి గలగలమన్నాయి. లేచి మోకాళ్ల మట్టి కూడా దులుపుకోలేదు.

“ఎనభై ఎనిమిది సార్.” మరదలి వైపు తిరిగినాడు. “నిదానంగానే తొక్కు గంగా. ఈడ నీళ్లు లేవులే.”

రిజిస్టరులో అంకె పడేదాకా ఆయన సూపర్వైజరు పక్క నుంచి కదల్లేదు: 9-9-2002, సోమవారం, నాడి ఎనభై ఎనిమిది.