సగం మాత్ర

ఆగండి, ఆగండి. ఎక్కడికంత పరుగు? కాసేపిలా కూర్చుని ఈ ముక్క విని వెళ్ళండి. చివర్లో మీ మాట ఒకటి కావాలి.

పొద్దున గిన్నెలు తోమేచోట మొదలైంది. ముసలావిడ చేతిలోంచి గ్లాసు జారి పడింది. "పగల్లేదులే, స్టీలుదేగా" అనబోయింది. "పగల్లే" వరకే వచ్చింది, మిగతాది నోట్లోనే ముద్దయిపోయింది. కోడలు వెనక్కి తిరిగి చూసేసరికి అత్తగారి మూతి ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. ఎడమ చెయ్యి తనది కానట్టు వేలాడుతోంది.

బండి మాట్లాడి, పక్కింటివాళ్ళ సాయంతో ఎక్కించి, క్లినిక్‌కి చేర్చేసరికి కోడలికి ఊపిరి అందలేదు. ఫోను చేస్తే కొడుకు పరుగెత్తుకొచ్చాడు. అతన్ని వీధిలో అందరూ లిఫ్టాయన అంటారు. పెద్ద బట్టల షాపులో లిఫ్టు నడుపుతాడు. రోజంతా జనాన్ని పైకి మోస్తాడు గానీ, అతని జీతం మాత్రం కింది అంతస్తు దాటి ఏనాడూ పైకెక్కలేదు. పదమూడు వేలు, అంతే. మెరిసే గుండీల కోటు విప్పకుండానే వచ్చాడు. ఆ పూట జీతం పోయినట్టే.

"పొద్దున మాత్ర వేశావా?" అన్నాడు పెళ్ళాంతో, వస్తూనే.

"వేశాను."

"రోజూ వేస్తున్నావా?"

"రోజూ వేస్తున్నానండీ."

"మరి ఎందుకిలా అయింది?"

ఆమె అత్తగారి కొంగు సర్దింది. వేసిన మాట నిజమే. వేసింది సగం.

జీతం పెరగకపోతే పెరగకపోయింది, తరగదు కదా అన్న ధైర్యంతో బతికే ఇల్లు అది. అద్దె అయిదు వేలు. బియ్యానికీ నూనెకీ కూరగాయలకీ నాలుగు వేలు. కరెంటుకీ గ్యాసుకీ పదిహేను వందలు, పిల్ల బడికి పన్నెండు వందలు, అత్తగారి బీపీ మాత్రలకి ఎనిమిది వందలు. చివరికి మిగిలిన అయిదొందల్లోనే పాలూ, సబ్బూ, జ్వరాలూ, చుట్టాలూ. అలా ఈడుస్తుండగా షాపు యజమానికి అందం మీద మనసైంది. పనివాళ్ళందరికీ కొత్త కోట్లు కుట్టించాడు. కోటు ఖరీదు పనివాళ్ళే కట్టాలి, నెలకి నాలుగొందలు కోత.

"ఈ నెల నాలుగొందలు తక్కువొచ్చిందండీ," అంది ఆమె, కోత పడిన మొదటి నెల.

"తెలుసు. సర్దుకో."

"ఎక్కడ సర్దను? మీరే చూపించండి."

"నన్నడిగితే? లిఫ్టులో డబ్బులు కాస్తాయా? తెచ్చిందంతా నీ చేతిలోనే పోస్తున్నా, ఒక్క టీ కూడా బయట తాగట్లేదు. ఇంకేం చెయ్యమంటావు నన్ను? ఒక్కటే చెప్తున్నా, మా అమ్మకి మాత్రం ఏ లోటూ రాకూడదు."

మంచివాడే, పాపం. తాగడు, కొట్టడు, జీతం కవరు విప్పకుండా తెచ్చిస్తాడు. కవరుతో పాటు నెల మొత్తాన్నీ ఆమె ఒళ్ళో పడేసి చేతులు దులుపుకుంటాడు, అంతే. డబ్బు ఆడదాని చేతికిస్తే పెత్తనం ఇచ్చేశామనుకుంటారు చాలామంది. ఏం పెత్తనం? ఎవరి నోటి దగ్గరిది లాగాలో తేల్చే పని అది. ఆ పాపం కవరిచ్చినవాడి కంట పడదు.

అద్దె సగమిస్తే ఇంటాయన సామాను వీధిలో పెడతాడు. పిల్లని సగం రోజులే బడికి పంపడం కుదరదు. పాలల్లో అప్పటికే పాలకంటే నీళ్ళెక్కువ. తను రాత్రి తిండి ఎప్పుడో మానేసింది. ఎవరూ అడగలేదు గనక అది లెక్కలోకి రాలేదు. ఇలా అన్నీ తిరగేసుకుంటూ మందుల షాపు ముందు నిలబడితే, షాపువాడే దారి చూపించాడు.

"ఏంటమ్మా ఆలోచన? ప్రస్తుతానికి సగం తీసుకెళ్ళు. చాలామంది అంతే."

మిగతావి నెల మధ్యలో వచ్చి కొనుక్కోమని అతని ఉద్దేశం. నెల మధ్యలో కొనడానికి ఏముంది? ఈ ఒక్క నెలకేలే అనుకుంది. ఇంటికొచ్చి మాత్రని కూరగాయల కత్తి కింద పెట్టి నొక్కింది. టక్కుమని రెండు ముక్కలైంది. ఎంత సులువు!

అరచేతిలో ముక్కని చూసి అత్తగారు నవ్వింది. "ఏమే, మనతో పాటు ఇదీ చిక్కిపోయిందా?"

"కొత్త రకం అత్తయ్యా. సగమే చాలంట."

"అలాగా. ఇలాంటిదే ఆకలికీ కనిపెడితే బాగుణ్ణు," అని మింగేసింది. మళ్ళీ ఆ మాటెత్తలేదు. ఆ ఒక్క నెల కాస్తా రెండోదాన్ని పిలిచింది, రెండోది మూడోదాన్ని. కోటు బాకీ తీరలేదు.

క్లినిక్‌లో డాక్టరు చిన్నపిల్లలా ఉంది, మొహం మాత్రం అలిసిపోయింది. పట్టీ బిగించి, గాలి కొట్టి, ముల్లు చూసి పెదవి కొరుక్కుంది. రెండోసారి చూసింది.

"చాలా ఎక్కువగా ఉంది. పక్షవాతం మొదలైంది. ఇప్పుడే పెద్దాసుపత్రికి పంపాలి, ఉత్తరం రాసిస్తా. రోజూ మాత్ర వేస్తున్నారా?"

"అందులో లోటేం లేదు మేడం," అన్నాడు లిఫ్టాయన, కోటు సర్దుకుంటూ. "తిండి మానుకుంటాం గానీ మా అమ్మ మందు మానం."

"పూర్తి మాత్రేగా?"

కోడలు చప్పున తలెత్తింది.

"ఎందుకడుగుతున్నానంటే," డాక్టరు పెన్ను మూత తీసింది, "పూర్తిగా వేసినా ఇంత ఉందంటే ఆ మందు ఈవిడకి పనిచెయ్యట్లేదని అర్థం. అదే రాస్తాను. అక్కడివాళ్ళు అది చూసే ఇంకా గట్టి మందు మొదలుపెడతారు. తక్కువ వేసుకున్న మనిషికి ఆ గట్టి మందు పడితే బీపీ ఒక్కసారిగా కిందకి జారిపోవచ్చు. ప్రాణం మీదకొస్తుంది. అందుకే, ఏదున్నా ఇప్పుడే చెప్పండి."

చెప్తే? ఆ మొగుడి ముందు, వెంటొచ్చి తలుపు దగ్గర చెవులు రిక్కించి నిలబడ్డ పక్కింటివాళ్ళ ముందు, అత్తని చంపబోయిన కోడలు. రేపటి నుంచి పిల్ల కూడా ఆ పేరుతోనే పెరగాలి. నాలుగొందలు కోసుకున్న బట్టల షాపు యజమాని పేరు ఎవరి నోటా రాదు. ఆమె పెదవులు కదిలాయి.

అప్పుడు మాట్లాడింది ముసలావిడ. ఒరిగిపోయిన మూతితో, ఒక్కో మాటా కొండెక్కించినట్టు.

"నిండు... మాత్రే... డాక్టరమ్మా. రోజూ... నా కోడలే... చేత్తో పెడుతుంది."

మంచి చేత్తో కోడలి మణికట్టు పట్టుకుంది. గట్టిగా. ఆ కళ్ళల్లో కోపం లేదు, కొత్తగా తెలిసినదేమీ లేదు. అన్నీ ఎప్పుడో తెలిసిన చూపు. ఊరుకోవే పిచ్చిదానా, నేనున్నాగా, అన్నట్టుంది.

"విన్నారుగా మేడం," అన్నాడు లిఫ్టాయన. "ఎంత గట్టిదైనా, ఎంత ఖరీదైనా పర్లేదు, రాయండి."

"సరే," అని డాక్టరు కాగితం దగ్గరికి లాక్కుంది. కోడలు నోరు తెరవబోయింది. ముసలి వేళ్ళు ఇంకాస్త బిగిశాయి. పెన్ను మొదటి అక్షరం రాసేసింది.

అయ్యా, అమ్మా, ఇందాక అడుగుతానన్నది ఇదే. ఊరుకుంటే అత్త ప్రాణం, మాట్లాడితే తన బతుకు. ఆ పట్టు మీ మణికట్టు మీదే ఉంటే, మీరు విదిలించుకుని చెప్పేస్తారా?