తలుపు తీస్తే వెలిగే దీపం

కార్ల కరెంటు పని తెలిసినవాళ్లు ఆ వీధిలో ఇంకా ఉన్నారు గానీ, పాత కారు అనేసరికి అందరూ వేలు చూపించేది డైనమో షెడ్డువైపే. డైనమో అసలు పేరు కన్నతల్లికైనా గుర్తుందో లేదో. తిరుగుతున్నంతసేపూ వెలుగుతాడు, కూర్చోబెడితే ఆరిపోతాడు అని ఎవరో సరదాకి పెట్టిన పేరు జిగురులా అంటుకుపోయింది.

ఇప్పుడు షెడ్డు మధ్యలో బోర్లించిన గిన్నెలా కూర్చున్న నల్లకారు మాత్రం బయటి బేరం కాదు. అక్కాబావలది. వాళ్లకి ఒక్కతే కూతురు. కాలు నిలవని పిల్ల కాబట్టి అందరూ బొంగరం అనేవాళ్లు. మేనమామ డైనమో అయితే మేనకోడలు బొంగరం కాక మరేమవుతుందని ఇంట్లో నవ్వుకునేవాళ్లు. ఆ పిల్ల బళ్లో చేరిన ఏడాదే జ్వరమొచ్చి పోయింది. ఆ వారమే బావ కారు మీద టార్పాలిన్ కప్పేశాడు. ఏళ్లు గడిచిపోయాయి. కారు అలాగే ఉంది, దాని మీద దుమ్ము ఒక్కటే పెరిగింది.

ఈ మధ్య ఉన్నట్టుండి ఆ టార్పాలిన్ తీశాడు బావ. రంగు వేయించాడు. సీట్లు పీకించి కొత్తవి కుట్టించాడు. మనిషి మళ్లీ ఏదో ఒక పనిలో పడ్డాడు, అదే చాలని అక్క ఏమీ అనలేదు. ఇక మిగిలింది కరెంటు పని.

"ఏదీ వదలొద్దురా. షోరూం నుంచి దిగిన రోజు ఎలా ఉందో అలా ఉండాలి" అన్నాడు బావ, స్టూలు లాక్కుని కూర్చుంటూ.

"షోరూం నుంచి దిగిన రోజు నువ్వు కూడా ఇలా లేవు బావా. తలమీద ఇంత జుట్టుండేది. దానికీ సామాను తెప్పించమంటావా?"

ఒకప్పుడైతే 'నా తలమీద లేనిది నీ తల లోపల లేదు పోరా' అని తిప్పికొట్టే మనిషే. ఇప్పుడు వినిపించుకోనట్టు అట్టపెట్టె విప్పుతున్నాడు.

ఆ పెట్టెల నిండా పాత నమూనా చూసి కొత్తగా చేసిన సామాను. ఒక్కో వస్తువుకీ రెండేసి రకాలు తెప్పించాడు డైనమో, చేత్తో పట్టుకుని చూడందే నమ్మడు కాబట్టి. ముందు ఫ్యూజు బాక్సులు తీసి క్లిప్పుల్ని గోటితో ఒత్తి చూశాడు.

"ఇది పెళ్లికూతురులా తళతళలాడుతోంది గానీ పట్టు లేదు. నాలుగు గుంతలు దాటితే ఫ్యూజు ఊగుతుంది. ఊగితే వేడెక్కుతుంది. ఈ మొద్దు మొహంది ఉంది చూశావా, ఇత్తడి. ఇదే వేద్దాం."

బట్ట అల్లిన తీగల చుట్ట తీసి కొస గీకాడు. పైన పాతకాలపు అల్లిక, లోపల ఇప్పటి ప్లాస్టిక్ తొడుగు. "తాత చొక్కా వేసుకున్న కుర్రాడు. పరవాలేదు, పనికొస్తాడు" అన్నాడు. హెడ్‌లైట్ల స్విచ్చి దగ్గర మాత్రం మొహం చిట్లించాడు. "పైన గుండీ అచ్చుగుద్దినట్టుంది. లోపలి రేకు చూడు, సిగరెట్టు పెట్టెలో కాగితం అంత. పెద్దలైట్లు వేస్తే మండిపోతుంది. నీ పాతదాని కడుపులో సామాను తీసి దీంట్లో పెడతా. అది రాయిలా ఉంది."

"పాతది వద్దు."

"లోపలిది ఎవడికి కనబడుతుంది బావా?"

"నాకు తెలుస్తుందిగా."

డైనమోకి ఇదే అంతుపట్టలేదు. పాతకార్ల పిచ్చివాళ్లని చాలామందిని చూశాడు. తుప్పుపట్టిన మేకు తీసి పారేస్తే బిడ్డని ఎత్తుకుపోయినట్టు గోల చేస్తారు వాళ్లు. ఈయనకేమో పాతదిలాగే ఉండాలి, పాతది ఒక్కటీ ఉండకూడదు. బావ తనే రిక్షా ఎక్కి ఇంకో కొట్టుకి పోయి గట్టి రేకున్న స్విచ్చి వెతికి తెచ్చుకున్నాడు తప్ప, ఆ పాత సామాను మాత్రం పెట్టనివ్వలేదు.

మధ్యాహ్నం అక్క క్యారేజీ పట్టుకుని వచ్చేసరికి డైనమో కారు తలుపు పక్క స్తంభం మీది రేకు ఊడదీసి, లోపలికి తల దూర్చి ఉన్నాడు.

"బావా, కారు లోపలి దీపం తలుపు తీస్తే వెలగడం లేదన్నావుగా! దొరికింది. తలుపులన్నిటికీ పోయే తీగని ఎవడో పుణ్యాత్ముడు అడ్డంగా కోసేశాడు. పైగా దాని మీద ఏం చుట్టాడో చూడు, దెబ్బకి అంటించే పట్టీ! వీడు మేస్త్రీయా, కాంపౌండరా? చేతులు విరగ్గొట్టాలి." ఇటు తిరిగి అక్కని చూశాడు. "రా అక్కా. నువ్వూ చూసి నవ్వుకో."

అక్క నవ్వలేదు. క్యారేజీ బల్లమీద పెట్టలేక పెట్టింది. బావ స్టూలు మీద నుంచి కదలకుండా అన్నాడు: "తలుపు స్విచ్చిలు కొత్తవి ఉన్నాయిగా. వేసి, తీగ కలిపెయ్."

"అది చెడిపోలేదురా" అంది అక్క.

"రెండు ముక్కలై ఉంటే చెడిపోలేదంటావేంటి?"

"మేమే కోశాం." అక్క గొంతు మామూలుగానే ఉంది. "ఎక్కడికెళ్లొచ్చినా బొంగరం వెనకసీట్లో నిద్రపోయేది. ఇంటికొచ్చి తలుపు తీస్తే ఆ దీపం సూటిగా మొహం మీద పడేది. ఉలిక్కిపడి లేచేది. ఇంక ఆ రాగం వీధంతా వినాల్సిందే. ఒకరోజు మీ బావకి ఒళ్లు మండి కత్తెర తెచ్చాడు. నేను టార్చి పట్టుకున్నా. టేపు లేదు. దాని మోకాళ్లకి వేసే పట్టీలుంటే అందులోది చుట్టాం. ఆ తర్వాత ఒక్కసారీ లేవలేదు. ఎత్తుకెళ్లి పడుకోబెట్టేదాకా తెలిసేది కాదు దానికి."

డైనమో చేతిలో స్క్రూడ్రైవరు బరువెక్కింది. చేతులు విరగ్గొట్టాలన్నది తనేగా.

"ఆ కథంతా వాడికెందుకు ఇప్పుడు" అన్నాడు బావ. "వెయ్యరా స్విచ్చి."

"వెయ్యకు" అంది అక్క. మొగుడివైపు తిరిగింది. "షోరూం నుంచి దిగిన రోజులా అంటుంటే ఏంటో అనుకున్నా. అంటే అది పుట్టకముందులా అనేగా? సీట్లు తీయించారు, ఊరుకున్నా. అది గోళ్లతో గీకిన తలుపు అట్ట పారేశారు, అప్పుడూ ఊరుకున్నా. దానికోసమని మనం చేసింది ఇదొక్కటే మిగిలిందండీ ఇందులో. ఇదీ పోతే అసలది ఈ కారెక్కిందని చెప్పడానికి ఏముంటుంది?"

బావ నేలమీది ఆయిల్ మరకని చెప్పు కొసతో రుద్దాడు.

"టార్పాలిన్ తీసిన రోజు వెనక తలుపు తీశాను" అన్నాడు. "లోపల చీకటి. నా చేతులు వాటంతటవే లోపలికెళ్లాయి. ఒకటి మెడ కిందికి, ఒకటి మోకాళ్ల కిందికి. ఉత్త సీటు తగిలింది. మర్నాడు తీశాను. మళ్లీ అంతే. సీటు మార్చాను. మళ్లీ అంతే. దీపం వెలిగితే ఖాళీ అని కనబడుతుందిగా. కళ్లకి కనబడితే ఈ చేతులకి బుద్ధొస్తుందేమో అని. అంతే. దాన్ని చెరిపెయ్యాలని కాదే."

"నాకేమో ఆ చీకటే కావాలి" అంది అక్క మెల్లగా. "కనబడనంతసేపూ ఉందనుకోవచ్చు."

డైనమో రెండు చేతుల్లో రెండు స్విచ్చిలున్నాయి, ఒకటి ఇనుముది, ఒకటి ఇత్తడిది. ఏది తుప్పు పడుతుందో, ఏది నిలబడుతుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. వాటిని అలా పట్టుకునే నిలబడ్డాడు, దిక్కు తోచక.

అక్క బావ చేతులవైపు చూసింది. ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు వాటిని, ఎవరివో అన్నట్టు.

"వెయ్యరా తమ్ముడూ" అంది. "ఆ పట్టీ మాత్రం నేను తీస్తాను."

మోకాళ్ల మీద కూర్చుని స్తంభం లోపలికి చెయ్యి పెట్టింది. పట్టీ ఎండి తీగకి కరుచుకుపోయి ఉంది. కొస దొరకబుచ్చుకుని లాగితే ఊడి రాలేదు, పొడిపొడిగా రాలింది. అరచేతిలో పట్టుకుని చూసుకుంది. దాచుకోవడానికి అందులో ముక్కంటూ ఏదీ లేదు. దులపడానికి చెయ్యి రాక, గుప్పిట మూసుకుని లేచింది.

డైనమో ఇత్తడి స్విచ్చిలే వేశాడు. తీగ కలిపాడు. బ్యాటరీ తగిలించి, లోపలి దీపం చిన్నది కాబట్టి షెడ్డు షట్టరు కిందికి దింపాడు. చీకటైంది.

"తీయండి" అంది అక్క.

బావ వెనక తలుపు తీశాడు.

దీపం వెలిగింది. పసుప్పచ్చటి వెలుగు సీటు మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పడింది. కొత్త సీటు, ఇంకా ఎవరూ కూర్చోనిది, కుట్లు కూడా లెక్కపెట్టొచ్చు.

"ఖాళీ" అన్నాడు బావ, ఎవరికో అప్పజెబుతున్నట్టు. "ఖాళీగానే ఉంది."

అంటూనే నడుం వంచాడు. చేతులు రెండూ లోపలికి వెళ్లాయి, ఒకటి మెడ ఉండాల్సిన చోటికి, ఒకటి మోకాళ్లు ఉండాల్సిన చోటికి. ఇన్నాళ్లూ చీకట్లో ఆయనకొక్కడికే తెలిసిన సంగతి ఇప్పుడు వెలుతుర్లో ముగ్గురికీ కనబడింది. గాలిని ఎత్తుకున్న ఆ చేతుల్ని ఎలా దించాలో తెలియక అలాగే ఉండిపోయాడు.

అక్క వెనకనుంచి వెళ్లి ఆయన వీపుకి నుదురు ఆనించింది. గుప్పిట ఇంకా తెరవలేదు.

తలుపు వెయ్యాలని ఎవరికీ తోచలేదు. దీపం వెలుగుతూనే ఉంది. ఇలా వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుందని వచ్చినవాళ్లనల్లా కసిరే డైనమో, గోడవైపు తిరిగి, ఖాళీ అట్టపెట్టెలు ఒకదాంట్లో ఒకటి సర్దుతూ నిలబడ్డాడు.