మేడ మీద చిక్కుకున్న సర్వే

సర్వే అమ్మాయి ఆ మేడ మీది గదికి వచ్చేసరికి కోడలు కుట్టుమిషను ముందు కూర్చుని స్కూలు యూనిఫారాలకు కాలర్లు అతుకుతోంది. అత్తగారు మంచం మీద కూర్చుని గుండీలు కుడుతోంది. ఆవిడ కొడుకు గోదాములో పనికి వెళ్ళాడు. మిషనుకూ మంచానికీ మధ్య మిగిలిన కాస్త జాగాలో సర్వే అమ్మాయి మోకాళ్ళు దగ్గరకు లాక్కుని కూర్చుంది. ఏ రోజు సంపాదన ఆ రోజుకే సరిపోయే ఇళ్ళకు అనుకోని దెబ్బ తగిలితే ఎంతలో చతికిలపడతాయి, మళ్ళీ ఎలా లేస్తాయి అన్నది కొలవడం ఆమె ఉద్యోగం.

"ఉన్నట్టుండి ఏదైనా కష్టం వచ్చిపడిందనుకోండి, మొదట ఎవరి సాయం అడుగుతారు?"

"ఎవరినైనా అడుగుతాం గానీ కింద గదిలో పెయింటరుని మాత్రం అడగం," అంది అత్తగారు దారం కొరుకుతూ. "మా నీళ్ళు అతని గోడ మీద కారాయట. ఎండాకాలం నుంచీ మాటల్లేవు. రాసుకో తల్లీ."

"ఎవరిని అడగరో రాసుకునే చోటు లేదు మామ్మగారూ."

"మరి అదేం సర్వే?"

నవ్వితే జవాబులు తారుమారవుతాయని శిక్షణలో చెప్పారు. అందుకని అమ్మాయి పెదవి కొరుక్కుని తరవాతి ప్రశ్నకు నోరు తెరిచింది. బయట ఏదో కిర్రుమంది. ఆ వెంటనే ఇల్లదిరేలా ఇనుప చప్పుడు. కోడలు తలుపు తీసి, బయటికి వెయ్యబోయిన కాలు గాల్లోనే ఆపి గుమ్మం పట్టుకుంది. మేడకున్న ఒకే దారి, తుప్పు పట్టిన ఇనప మెట్ల వరస, గోడ నుంచి ఊడి వీధిలో వెల్లకిలా పడి ఉంది. అదృష్టవశాత్తూ కింద ఎవరూ లేరు.

"అత్తయ్యా, మెట్లు పోయాయి."

"ఎక్కడికి?"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. ముందు కోడలి భుజాలు కదిలాయి, తరవాత అత్తగారి పొట్ట. అమ్మాయి శిక్షణంతా గాలికి కొట్టుకుపోయింది. కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వారు.

నవ్వు ఆగాక కోడలి చూపు యూనిఫారాల మూట మీద పడింది. సాయంత్రానికల్లా అవి బట్టల కొట్టుకు చేరకపోతే ఆ పని ఇంకొకరి చేతికి పోతుంది. ఆమె మొహం వాడిపోయింది.

"మరి నీ సంగతేంటి తల్లీ, ఇవాళంతా ఇక్కడే ఉండిపోతే?" అని అడిగింది అత్తగారు.

"ఎన్ని ఇళ్ళు తిరిగితే అంత కూలి, మామ్మగారూ. ఇవాళ ఇదే మొదటిల్లు."

"అయితే నువ్వూ మా జట్టే. నీ ప్రశ్న నీకూ వెయ్యాలి. ఈ పని పోతే ఎవరినడుగుతావ్?"

"మా అక్కని."

"అక్క పనీ పోతే?"

"అప్పుడు అక్క నన్నడుగుతుంది."

మళ్ళీ ముగ్గురికీ నవ్వు ఆగలేదు. అంతలో కింద పెయింటరు గదిలోంచి వచ్చి, పడిన మెట్లను చూసి తలెత్తాడు.

"అందరూ బాగానే ఉన్నారా?" అని గోడనడిగినట్టు అడిగాడు.

"బాగానే ఉన్నామని చెప్పవే," అంది అత్తగారు కోడలితో.

"బాగానే ఉన్నామట అన్నయ్యా."

"గిలకా తాడూ నా దగ్గరున్నాయి. కావాలేమో కనుక్కో చెల్లెమ్మా."

"కావాలేమో అంటున్నాడు అత్తయ్యా."

"నాకూ చెవులున్నాయిలే." అత్తగారు గుండీల డబ్బా మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది. తరవాత గుమ్మంలోకి వచ్చి కిందికి వంగింది. "కావాలి నాయనా. త్వరగా కానీ."

పెయింటరు పక్కింటి డాబా మీదుగా దూకి వచ్చి, గుమ్మం పైన బయటికి పొడుచుకొచ్చిన దూలానికి గిలక కట్టి, ఎత్తైన గోడలకు రంగులేసేటప్పుడు తాను కూర్చునే చెక్కను తాడుకు వేలాడదీశాడు. ముందు మూట దిగింది. దాన్ని వీధిలో ఇస్త్రీ చేసే బండాయన తన బండి మీద పెట్టుకుని, ఇస్త్రీ పెట్టెలో నిప్పులు చల్లారకముందే వస్తానంటూ కొట్టుకు తోసుకుపోయాడు.

తరవాత సర్వే అమ్మాయి వంతు. చెక్క గింగిరాలు తిరిగింది. ఒక చెప్పు జారి ఎవరి నెత్తినో పడింది. ఆమె కళ్ళు మూసుకుని కిలకిలా నవ్వుతూ దిగి, కళ్ళు తెరిచేసరికి వీధంతా అక్కడే ఉంది. తాడు పట్టినవాళ్ళు, సలహాలిచ్చేవాళ్ళు, ఊరికే చూసేవాళ్ళు. "మమ్మల్నీ అడుగమ్మా," అన్నారు. ఆ రోజు ఆమె ఇల్లిల్లూ తిరగనక్కర్లేకపోయింది. పడిపోయిన మెట్ల మీద కూర్చుని అందరినీ అక్కడే అడిగింది.

ఇంటి యజమాని కొత్త మెట్లు వేయించడానికి బాగానే సాగదీశాడు. అన్నాళ్ళూ ఆ గదికి చెక్కే దారి అయింది. సగంలో ఆగిన సర్వే పూర్తి చెయ్యడానికి ఆ అమ్మాయి కూడా మర్నాడు దాని మీదే పైకెళ్ళింది.

అత్తగారైతే మెట్లు పడిన సాయంత్రమే చెక్కెక్కి దిగింది. దిగీ దిగగానే, వీధి చివర దాకా కనబడుతోందనీ సరిగ్గా చూడనేలేదనీ, మళ్ళీ ఎత్తమంది. పెయింటరు పళ్ళ బిగువున లాగుతున్నాడు. అప్పుడే కొడుకు పని నుంచి వచ్చి, గాల్లో కాళ్ళూపుతున్న తల్లిని చూసి నిలబడిపోయాడు.

"అమ్మా, మెట్లేవి?"

"తరవాత చెప్తా. ముందు తాడు పట్టు."