ఉత్తుత్తి కాటా

జొన్నరొట్టె తడుతున్న చేతులు వంటింట్లోనే ఉన్నా, జొహరాబీ మనసు అప్పటికే ఆదోని జిన్నింగ్ మిల్లులో పత్తి తూస్తోంది. మిల్లుకు వచ్చిన ఎలక్ట్రానిక్ కాటా ఆ ఉదయమే మొదటిసారి పనిచేయబోతోంది. కాటా చెప్పిన బరువు తీసుకుని రైతుకు చీటీ అచ్చువేసే కంప్యూటర్ ప్రోగ్రాం ఆమె రాసిందే. అది తప్పు చూపిస్తే ఆమె ఉద్యోగం ఉండదని మిల్లు సావుకారి లక్ష్మప్ప ముందే చెప్పేశాడు.

"డబ్బా ముందర కూచోని టకటకలాడిస్తే అదీ ఒక పనేనా? రొట్టె మాడకుండా సూడు," అంది అత్త సుగ్రాబీ.

మాడిన రొట్టె ఇంటిల్లిపాదికీ కనిపిస్తుంది. పెళ్లయినప్పటి నుంచీ మాడకుండా దించిన రొట్టెలు మాత్రం ఎవరి కంటా పడలేదు.

కాటా మద్రాసు నుంచి రావడం బాగా ఆలస్యమైంది. "కాటానే లేకుండా ఏం పరీక్ష సేస్తావే?" అని నవ్వాడు మొగుడు నబీ సాబ్. అదే మిల్లులో అతను తూకం గుమాస్తా. పెళ్లికి ముందు బెంగళూరులో కంప్యూటర్ నేర్చుకున్న మనిషి జొహరాబీ. ప్రోగ్రామంతా ఒకే ముద్దగా కాక, ఎవరి పని వాళ్లు చేసుకునే మనుషుల్లా ఆబ్జెక్టులుగా విడదీసి రాసింది. చీటీ రాసే ఆబ్జెక్టుకు కాటా ఇనుముదో చెక్కదో తెలియదు. "బరువెంత?" అని అడగడమొక్కటే తెలుసు. బదులు చెప్పేది ఏదైనా దానికి కాటాయే. అందుకే ఉత్తుత్తి కాటా ఒకటి రాసింది. నూరు చెప్పమంటే నూరు చెబుతుంది, సున్నా అంటే సున్నా, పలకొద్దంటే పలకదు. ప్రతిసారీ చీటీలో ఏం రావాలో ముందే తేల్చుకుని, వచ్చినదానితో పోల్చి, తప్పినచోటల్లా దిద్దింది.

మిల్లులో అసలు కాటాకు కుంకుమ పెట్టారు, బంతిపూల దండ వేశారు. హమాలీ ఓబన్న మొదటి మూట ఎత్తిపెట్టాడు. చిప్పగిరి రైతు నరసన్న చీటీ చూసి గొంతెత్తాడు.

"ఏందమ్మా ఇది! ఇంటికాడ తూచుకోనే వచ్చినా. సగం పత్తి మింగేసినాదే నీ మిషను!"

లక్ష్మప్ప కళ్లు ఎర్రబడ్డాయి. జొహరాబీ నోరు తెరిచేలోపే నబీ సాబ్ చేతులు జోడించాడు.

"తప్పైపోయింది సావుకారీ. ఆడమనిషి, ఇంగా నేర్చుకుంటాంది. నా మొగం సూసి మన్నించాల."

ఏం జరిగిందో అతను చూడనైనా చూడలేదు. ఇంట్లో పాలు విరిగినా, చుట్టాలకు పిలుపు అందకపోయినా, క్షమాపణ ఆమె వంతే. ఆ అలవాటే ఇక్కడికీ నడిచొచ్చింది. జొహరాబీ ప్రోగ్రాం నుంచి అసలు కాటాను విడదీసి ఉత్తుత్తి కాటాను తగిలించింది. పరీక్షలన్నీ వరసగా నడిపింది. ఒక్కటీ తప్పలేదు.

"నా చీటీలో తప్పు లేదు సావుకారీ. సెప్పిన బరువే రాస్తాంది. తక్కువ సెప్పేది కాటానే."

లేచి వెళ్లి పూలదండ పక్కకు జరిపింది. దాని వెనక వెలుగుతున్న అంకె, చీటీలో పడిన అంకె ఒక్కటే! ఓబన్న మూట దించి తూకం పలక ఎత్తాడు. కింద ఎర్రగుడ్డలో కట్టిన టెంకాయ ఇరుక్కుని ఉంది. మూట బరువు సగం అదే మోసింది.

"దిష్టి తగలకూడదని సావుకారి సెప్తే..." నబీ సాబ్ నీళ్లు నమిలాడు. "నేనే పెట్టినా."

టెంకాయ తీశాక బరువు సరిగ్గా వచ్చింది. "ఊరికే నోరు జారినా, ఏమనుకోవాకమ్మా," అన్నాడు నరసన్న. "అయింది గదా, ఇంగ పనులు సూసుకోండప్పా," అని లక్ష్మప్ప చేయి ఊపాడు. ఓబన్న రెండో మూటకు వంగాడు.

జొహరాబీ తన కుర్చీలో కూర్చుంది గానీ కీబోర్డు మీద చేయి వేయలేదు. తల తిప్పి మొగుణ్ని చూసింది.

"నా పేరున మన్నింపు అడిగితివే, వీళ్లంతా ఈడ ఉండంగానే దాన్ని వాపసు తీసుకో."