నా మీది మూడో రాత

నేను ఒక స్టీలు గ్లాసును. ప్రస్తుతం నా నివాసం సర్కారు వారి మానసిక వైద్యశాల ఆఫీసులో, తాళం వేసిన బీరువా అడుగు అర. నా నడుముకు పురికొస చుట్టి ఒక అట్టముక్క వేలాడదీశారు. ‘విచారణలో ఉన్న వస్తువు’ అని దాని మీద రాశారు. విచారణ ఎవరి మీదో, దేనికో చెబితే మీకు నవ్వొస్తుంది. నాకు మాత్రం ఒళ్లు మండుతోంది. మంచినీళ్లు మోసుకుని బతకాల్సిన దానివి, నీకింత మంటేమిటని అడుగుతారేమో. వినండి మరి.

నేను పుట్టింది మద్రాసు దగ్గర ఒక కార్ఖానాలో. రేకుగా వెళ్లి, అచ్చులో పడి దెబ్బలు తిని, గుడ్డ చక్రం మీద మెరుగెక్కి గ్లాసునై బయటికొచ్చాను. ఇందులో చెప్పుకోవలసిన గొప్పేమీ లేదు, స్టీలు గ్లాసులన్నిటి పుట్టుకా ఇంతే. ఒకదానికీ ఇంకోదానికీ తేడా వచ్చేది మనుషులు పేర్లు కొట్టించినప్పుడే. మన తెలుగువాళ్లకు స్టీలు సామాను కొని పేరు కొట్టించకపోతే ఆ పూట అన్నం సయించదు. చెంబు మీద పేరు, చెంచా మీద పేరు. పెళ్లిలో చదివించిన పళ్లెం మీద పెళ్లికూతురి పేరు కన్నా చదివించినవాడి పేరే పెద్దది.

పాలకొండ బజారులో ఒక స్టీలు కొట్టుకి చేరాను. అక్కడ నన్ను, నా తోటి గ్లాసుల్ని మజ్జి త్రినాథరావు అనే రైసుమిల్లు ఆసామి కొన్నాడు. తండ్రి సంవత్సరీకానికి పిచ్చాసుపత్రికి దానం ఇస్తానన్నాడు. ‘కీర్తిశేషులు అప్పలస్వామి గారి జ్ఞాపకార్థం, కుమారుడు త్రినాథరావు’ అని కొట్టమని, కుమారుడి పేరు మాత్రం కాస్త లావుగా రావాలని చెప్పాడు. చచ్చినవాడు చదువుకోడు కదా, బతికున్నవాడు చదువుకుంటాడు.

ఆ పేరు కొట్టినవాడు లక్కోజు సన్యాసాచారి. కొట్టు మెట్టు మీద గోనెపట్టా వేసుకుని, పేర్లు కొట్టే కరెంటు మిషను పట్టుకుని కూర్చునేవాడు. పెన్సిలు గుర్తు పెట్టుకునేవాడు కాదు. నన్ను ఎడమచేతిలో పట్టుకుని, కుడిచేత్తో ముల్లు ఆనించి తిప్పుకుంటూ పోయేవాడు. నా ఒంటి మీద ఆ ముల్లు నడుస్తుంటే నొప్పి తెలియలేదు. అక్షరం తలకట్టు దగ్గర చిన్నగా ఆగి, ఒక్క విదుపుతో పైకి లేపేవాడు. అది ఆయన అలవాటు. ఆ విదుపు చూసి పాలకొండలో ఏ గిన్నె ఆయన కొట్టిందో చెప్పేవాళ్లు. ఆయన ఇల్లూ, పరువూ, భార్య కనకం కట్టుకున్న చీరా, అన్నీ ఆ చేతిలోంచి వచ్చినవే.

అలా దాతగారి పేరు మోసుకుంటూ ఈ ఆసుపత్రికి వచ్చి, మగవాళ్ల వార్డులో మాత్రలు మింగించే పనిలో కుదురుకున్నాను. మాత్ర నాలుక మీద పెట్టడం, నాతో నీళ్లు పోయడం, నోరు తెరిపించి నాలుక ఎత్తించి చూడడం. ఏళ్ల తరబడి ఇదే. నా అంచుకి తగిలిన పెదవులన్నీ పిచ్చివాళ్లవేనని బయటివాళ్లు అనుకుంటారు. నాకు మాత్రం అవి దాహంతో ఉన్న పెదవులే.

ఒకనాడు ఆచారి ఈ వార్డుకే రోగిగా వచ్చాడు. ఆయనకు జబ్బు చేయలేదని నేను అనను. నిద్ర పట్టడం మానేసిందట, మూసిన షట్టర్ల వెనక నుంచి ఎవరో తిడుతున్నారని ఒకరోజు కొట్టు అద్దాలు పగలగొట్టాడట. కనకం ఏడుస్తూ తీసుకొచ్చి సంతకం పెట్టింది. చేర్చుకోవడమూ తప్పు కాదు. ఆ సాయంత్రం మాత్రలిస్తూ స్టాఫ్‌నర్సు రత్నకుమారి నన్ను చేతికిస్తే, తాగబోయినవాడు ఆగి, నన్ను వెలుతురుకు తిప్పి చూశాడు.

“ఈ రాత నాదే తల్లీ,” అన్నాడు.

ఆమె నమ్మలేదు. నాలుగు మాటలు అడిగాక నమ్మింది. నమ్మడమే కాదు, పనీ చూసుకుంది. మగవాళ్ల వార్డు గ్లాసులు ఆడవాళ్ల వార్డులోకి పోతున్నాయని సూపరింటెండెంటు రోజూ విసుక్కుంటున్నాడు. కనకంతో ఇంటినుంచి మిషను తెప్పించి, వార్డులోని గ్లాసులన్నిటి మీదా ‘పురుషుల వార్డు’ అని కొట్టించింది. ఆచారి వరండాలో కూర్చుని సంతోషంగా కొట్టాడు. చెవుల్లో తిట్లు ఇంకా వినబడుతున్నాయని మధ్యమధ్యలో చెబుతూనే ఉన్నాడు, చెయ్యి మాత్రం చెక్కు చెదరలేదు. తలకట్టు దగ్గర అదే విదుపు. సూపరింటెండెంటు వచ్చి చూసి భేష్ అన్నాడు. తన మంచీచెడ్డా తనకు తెలియని రోగి అని పైన రాసుకుని, కింద అతని చేత ఉచితంగా చాకిరీ చేయించుకున్న ఆసుపత్రి మాది. ఉప్పుకి పప్పుకి కూడా లెక్క అడిగే సర్కారు దీనికి లెక్క అడగలేదు.

ఆ తర్వాత డాక్టర్ హేమాద్రి వచ్చి, మాత్రలు ఆపి పదిహేను రోజులకోసారి వేసే సూది రాశాడు. మాత్రలు పనిచేయక కాదు. మాత్రలైతే ప్రతి పూటా నోరు తెరిపించి చూడాలి, చూసే మనుషులు లేరు. సూదైతే ఒకసారి పొడిచి మరచిపోవచ్చు. ఖాళీ ఉద్యోగాలు నింపలేని సర్కారు, ఆ ఖాళీలను రోగుల పిరుదుల్లో నింపుతోంది. నా మాట మోటుగా ఉంటే క్షమించండి, జరిగేది ఇంకా మోటుగా ఉంది.

మొదటి సూది పడ్డ కొన్నాళ్లకు ఆచారి చేతిలో నేను వణకడం మొదలుపెట్టాను. ముందు నీళ్లలో చిన్న అల కదిలింది. తర్వాత నీళ్లు గుండెల మీద ఒలికాయి. తర్వాత రెండు చేతులా పట్టుకున్నా నా అంచు ఆయన పళ్లకు టకటకా కొట్టుకునేది. ఆయన నా మీది రాతను చూసేవాడు, తన చెయ్యిని చూసుకునేవాడు. చెయ్యి పోతే ఆయనకిక మిగిలేదేమిటి? రెండోసారి సూది తెస్తే వద్దన్నాడు. ఇద్దరు అటెండర్లు పట్టుకుని వేశారు. సహకరించడం లేదని రాశారు.

వద్దన్నవాడి మాట కూడా వినాలని చట్టం ఒకటుంది. అందుకో సమీక్షా బోర్డు ఉంది. అది ఆసుపత్రి మీటింగు హాల్లోనే కూర్చుంది. రిటైర్డు జడ్జిగారు అధ్యక్షుడు, డాక్టర్ హేమాద్రి ఆసుపత్రి తరఫు, ఇంకొందరు సభ్యులు. వాళ్ల ముందు సీసా నీళ్లు, బిస్కట్లు, రోగి కోసం నేను. ఆ సూదితో నోరు ఎండిపోతుంది మరి. బోర్డు ముందు గొడవ చేయకుండా ఉండాలని ఆ పొద్దున్నే ఆచారికి మత్తు సూది కూడా వేసి తీసుకొచ్చారు.

ఇంజెక్షన్ ఎందుకు వద్దంటున్నావని జడ్జిగారు మర్యాదగానే అడిగాడు. ఆచారి నాలుక కదపబోయాడు, కదల్లేదు. నన్ను ఎత్తబోతే నీళ్లు ఒళ్లో పడ్డాయి. తల గుండెల మీదికి వాలిపోయింది. చూస్తున్నారు కదా సార్, ఇదీ పరిస్థితి అన్నాడు హేమాద్రి. అందరూ చూశారు. మందు చేసిన పనిని చూసి జబ్బు అనుకున్నారు. నోట్లో గుడ్డ కుక్కి, నీ వాదన చెప్పుకో అన్నట్టుంది. టీ చల్లారేలోపు తీర్పు అయిపోయింది. రోగికి తన చికిత్స గురించి నిర్ణయించుకునే శక్తి లేదు, సూది కొనసాగించాలి.

కొన్నాళ్లకు న్యాయసేవల వాళ్లు నఫీసా అనే లాయరును పంపారు. ఆమె ఆచారి మంచం మీదే కూర్చుని మాట్లాడింది. ఇంటికొచ్చిన మనిషికి ఇచ్చినట్టు ఆయన నాలో నీళ్లు పోసి ఆమెకివ్వబోయాడు. సగం ఆమె చీర మీద ఒలికాయి. ఆమె చీర దులుపుకోలేదు. ఈ వణుకు ఎప్పటినుంచి అని అడిగింది. ఆయన నన్ను తిప్పి, ‘పురుషుల వార్డు’ అన్న అక్షరాల మీద వేలు పెట్టాడు.

“ఇది సెక్కినప్పుడు నేదమ్మా,” అన్నాడు.

ఆమె కూడా వేలితో తడిమి చూసింది. నన్ను తడిమి చదివిన మొదటి మనిషి ఆమే. రత్నకుమారిని కలిసింది, మళ్లీ విచారణ కావాలని, ఆ పొద్దున మత్తు సూది వేయకూడదని పట్టుబట్టి సాధించింది.

రెండోసారి ఆచారి గడ్డం గీయించుకుని, కనకం తెచ్చిన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చేతులు తొడల మధ్య దాచుకుని కూర్చుని, నిదానంగా చెప్పాడు.

“నాకు జబ్బు నేదని నాననట్నేదు బాబూ. ఉంది. మాత్రలియ్యండి, మీ ఎదరే మింగుతాను. ఆ సూది మటుకు ఒద్దు. నా సెయ్యి పోతంది. సెయ్యి పోయినాక నన్ను బాగుసేసి ఏటి సేత్తారు?”

ఇంతకన్నా తెలివైన మాట ఆ హాల్లో ఆ రోజు ఎవరూ అనలేదు. హేమాద్రి మొహం వెలిగిపోయింది. చూశారా సార్, పోయినసారి నోరు పెగలని మనిషి ఇప్పుడెంత చక్కగా మాట్లాడుతున్నాడో, సూది అద్భుతంగా పనిచేస్తోంది, ఇప్పుడాపితే మళ్లీ మొదటికొస్తాడు అన్నాడు. సభ్యులు తలలూపారు. మాట్లాడకపోతే జబ్బు, కాబట్టి సూది. మాట్లాడితే గుణం, కాబట్టి సూది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో సన్యాసాచారి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనేవాడితో వాదించవచ్చు. కుందేలు నాలుగో కాలు చూపిస్తే అది కూడా మందు వల్లే మొలిచిందనేవాడితో ఏం వాదిస్తాం?

భార్య సంతకం పెట్టింది కదా అని జడ్జిగారు గుర్తుచేశాడు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ కనకం ఎవరూ పిలవకుండానే ముందుకొచ్చింది.

“వైద్దెం సెయ్యమని పెట్టినాను బాబూ. సెయ్యి తీసీమని కాదు.”

అప్పుడు నఫీసా నన్ను బల్ల మీద పెట్టింది. ఈ అక్షరాలు చెక్కింది ఈయనే, ఈ ఆసుపత్రిలోనే, చేరిన మొదటి వారంలో అంది. రత్నకుమారి లేచి, అవును సార్, సూది మొదలుపెట్టకముందు నేనే చెక్కించాను అంది. జబ్బు నిండుగా ఉన్న రోజుల్లో వణకని చెయ్యి, జబ్బు తగ్గాక జబ్బు వల్ల వణుకుతుందా అని నఫీసా అడిగింది. ఇప్పుడు చెక్కమనండి చూద్దాం అన్నాడు హేమాద్రి, ఉక్రోషంగా. జడ్జిగారు సరే కానివ్వమన్నాడు. మిషను తెచ్చారు. ఆచారికి అటూ ఇటూ అటెండర్లు నిలబడ్డారు.

ఏం రాయమంటారని ఆయన అడిగాడు. నీ ఇష్టం అన్నారు. నీ ఇష్టం అన్న మాట ఆ ఆసుపత్రిలో ఆయన వినడం అదే మొదటిసారి.

నన్ను ఎడమచేత్తో పట్టుకున్నాడు. ముల్లు ఆనింది. ఆనీ ఆనగానే జారింది. ఇంతకుముందెప్పుడూ నాకు నొప్పి తెలియని చేతిలో ఆ రోజు నొప్పి తెలిసింది. కుడిచేతిని మోకాలికి అదిమిపెట్టి మళ్లీ ఆనించాడు, పళ్లు బిగించి, చెమటలు కక్కుతూ. తలకట్టు దగ్గర ఆగబోయాడు, చెయ్యి ఆగలేదు. ఆ విదుపు కోసం చేసిన ప్రయత్నం నాకు తెలిసింది. అది రాలేదు. ముల్లు లేచిపోయి నా అంచు దాకా గీసుకుంటూ పోయింది. మిషను ఆపి, నన్ను బల్ల మీద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా కూర్చున్నాడు. కనకం పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను చేతులు మారాను. సభ్యులు కళ్లద్దాలు సవరించుకుని చూశారు. ఇదేం లిపి అని ఒకాయన నవ్వబోయి మానుకున్నాడు. ఇక న్యాయం జరుగుతుందని నేను నమ్మాను. సాక్ష్యం నా ఒంటి మీదే ఉంది కదా. ఒక వైపు మొదటి వారం, రెండో వైపు ఈ రోజు.

జడ్జిగారు నన్ను బల్ల మీద పెట్టి, రత్నకుమారి వైపు తిరిగాడు.

“మతి స్థిమితం లేని రోగి చేతికి ఇంత పదునైన పరికరం మొదట ఎవరిచ్చారమ్మా?”

హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. తప్పు ఎవరిదో తేల్చగలిగే ప్రశ్న దొరికింది మరి. తాము కూడా ఇప్పుడే, ఈ బల్ల ముందే, అదే పరికరాన్ని ఆయన చేతికిచ్చామన్న సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదు. నఫీసా గుర్తుచేసింది. ఆమె అభ్యంతరం నమోదు చేసుకున్నారు. నర్సు మీద విచారణ జరపాలని, గ్లాసును స్వాధీనం చేసుకోవాలని, రోగి అర్థంలేని గీతలు గీసి ఆసుపత్రి ఆస్తిని పాడుచేశాడని జడ్జిగారు చెబుతుంటే గుమాస్తా రాసుకున్నాడు. సూది సంగతి తర్వాతి విచారణకు వాయిదా. అంతదాకా ప్రస్తుత చికిత్స యథాతథంగా సాగుతుంది. వాయిదా కన్నా ముందే సూది రోజు వస్తుందని నఫీసా గట్టిగానే అంది. భోజనాల వేళయింది.

వాళ్లు వెళ్లిపోతుంటే ఆచారి మాత్రం లేవలేదు. అటెండరు భుజం తట్టాడు. నన్నొకసారి ఇమ్మని అడిగాడు, నీళ్లు తాగడానికి. స్వాధీనం చేసుకున్న వస్తువు ఇవ్వకూడదన్నారు. దాహంతోనే వార్డుకు తీసుకుపోయారు.

అదీ నా నేరం. రత్నకుమారి సంజాయిషీ ఇచ్చుకుంటోంది. నఫీసా పైకోర్టుకు వెళుతోందని గుమాస్తాలు చెప్పుకుంటుంటే విన్నాను. ఈలోగా ఎన్ని సూదులు పడ్డాయో బీరువాలో ఉన్న నాకు తెలియదు. నాలాంటి వేరే గ్లాసేదో ఇప్పుడు ఆయన పళ్లకు కొట్టుకుంటూ ఉంటుంది.

ఏదో ఒకనాడు ఈ బీరువా తెరిచి మీలో ఎవరైనా నన్ను బయటికి తీస్తే, దాత పేరు చదవకండి, అది చదవడానికి చాలామంది ఉన్నారు. వార్డు పేరు కూడా వదిలేయండి. మూడో రాత మీద వేలు పెట్టండి. కళ్లద్దాలతో చూస్తే అవి గీతలే, కళ్లద్దాల వాళ్లంతా చూశారు. వేలితో నెమ్మదిగా తడమండి. మొదటి అక్షరం రెండుసార్లు జారింది, రెండోదాని కొస అంచు దాకా పోయింది. అయినా ఆయన మాట పూర్తి చేశాడు. ఏం రాసినా నీ ఇష్టం అంటే, ఆ మనిషి ‘వద్దు’ అని రాశాడు.