కచ్చాకుట్టు

తాత ఆ పిల్లని సూదిపిల్ల అనేవాడు. సన్నగా ఉంటుందని సగం, సూదిలో దారం ఎక్కించి పెడుతుందని సగం. తల్లి పోయింది. తండ్రి ఇంకో సంసారం చూసుకున్నాడు. మిగిలింది తాత, తాత కుట్టుమిషను. రెండేళ్లుగా తాతకి చూపు మసకబారుతూ వచ్చింది. బట్ట వేళ్లకి తెలుస్తుంది కాబట్టి ఇంకా కుడుతున్నాడు. సూదిబెజ్జం వేళ్లకి తెలియదు. అందుకని పొద్దున్నే బడికి పోయేముందు ఆ పిల్ల ఆరేడు సూదులకి దారం ఎక్కించి గుడ్డ ఉండకు గుచ్చి పోయేది.

పదో తరగతి పాసయింది. మర్నాడే మేనమామ ఊడిపడ్డాడు. ఆయనకి ఊరవతల ఎక్కడో కోళ్ల ఫారం ఉంది. ఇంటికి బియ్యం, పప్పూ ఆయనే పంపిస్తాడు, కాబట్టి ఇంట్లో మాట కూడా ఆయనదే. కూర్చోకుండానే చెప్పాడు.

"చదువు చాల్లే. ఫారంలో గుడ్లు ఏరడానికి మనిషి లేక చస్తున్నా. దీన్ని పంపించు నాన్నా."

"చదువుకుంటానంటోంది రా."

"ఎవరు చదివిస్తారు? నీ మిషనా? అది నీకంటే ఎక్కువ దగ్గుతోంది."

"నేనే పని చూసుకుంటా మామయ్యా," అంది సూదిపిల్ల. "ఈ సెలవుల్లో చేస్తా. తర్వాత సాయంత్రాలు చేస్తా. నా పుస్తకాలూ ఫీజూ నేనే కట్టుకుంటా."

మేనమామ నవ్వాడు. మంచి నవ్వే. "సరే. వచ్చే ఆదివారం దాకా టైము. పని దొరికితే నేను నోరెత్తను. దొరక్కపోతే వ్యానెక్కు."

ఆయన వెళ్లాక తాత, "వీడు గుడ్డుకి ఈకలు పీకే రకం అని చిన్నప్పుడే అనుకున్నా. చివరికి గుడ్ల వ్యాపారంలోనే పడ్డాడు," అన్నాడు. సూదిపిల్ల నవ్వలేదు. జడ వేసుకుంటోంది.

సోమ, మంగళ, బుధ. కాళ్లరిగేలా తిరిగింది. మందుల షాపాయన, "ఇంతకుముందు ఎక్కడ చేశావు?" అన్నాడు. ఎక్కడా చెయ్యలేదంది. "మరి అనుభవం లేకుండా ఎలాగమ్మా?" అన్నాడు. "ఎవరో ఒకరు పని ఇస్తేనే కదండీ అనుభవం వచ్చేది," అంది. ఆయన ఆ మాటకి మెచ్చుకున్నాడు. పని మాత్రం ఇవ్వలేదు. బేకరీలో అప్పటికే యజమాని చెల్లెలి పిల్లలు ముగ్గురు కూర్చుని ఉన్నారు. సెలవులు వాళ్లకీ వచ్చాయి కదా. జిరాక్సు షాపతను, "సెలవులయ్యాక మానేస్తావు. నేర్పించిన వాణ్ణి నేను వెర్రివాణ్ణి అవుతాను," అన్నాడు. మానను, సాయంత్రాలు వస్తానంది. "అందరూ అదే అంటారు," అని మిషను మూత వేశాడు.

గురువారం వీధి చివర లాండ్రీలో అడిగింది. లాండ్రీ ఆయన ముక్తసరి మనిషి. మాటకి డబ్బులు పోతాయన్నట్టు ఉంటాడు. ఆ పిల్ల చేతులు చూశాడు. పక్కనున్న చొక్కా ఒకటి విసిరాడు. "మడత పెట్టు."

పెట్టింది. కాలరు నిలబడింది. చేతులు లోపలికి పోయాయి. మడత ఎక్కడా లేవలేదు.

"ఎవరమ్మాయివి?"

"టైలరు తాత మనవరాల్ని, బాబాయ్."

"ఆయన దగ్గర పెరిగావా. సరే. రేపు పొద్దున్నే రా. రెండు రోజులు చూస్తా. బాగుంటే సెలవులు అయ్యాక కూడా సాయంత్రాలు రావచ్చు."

ఇంటికి పరుగెత్తుకొచ్చి చెప్పింది. తాత మిషను ఆపాడు. మిషను ఆపటమే ఆయన సంతోషం. "చూశావా, దారం తెంపకుండా ఏ బట్టా ఇవ్వొద్దని చెప్పేవాణ్ణి. పనికొచ్చింది," అన్నాడు.

తాతకి దారాల పిచ్చి. బట్ట మీద పోగు వేలాడితే దర్జీకి తలవంపు అంటాడు. ముందు కచ్చాకుట్టు వేస్తాడు, బట్ట కదలకుండా ఉండటానికి. అది ఎప్పుడూ ఎర్రదో పచ్చదో, రంగు దారంతో. అసలు కుట్టు పడ్డాక రంగు దారం కనబడి పీకేయడానికి. పీకే పని ఆ పిల్లది. అయిదేళ్లప్పటి నుంచీ అదే ఆట, అదే పని. రంగు పోగు కనబడితే వేలు దానంతటదే పోతుంది.

శుక్రవారం పొద్దున ఉతికి ఆరిన బట్టలన్నీ పెద్ద బల్ల మీద కొండలా ఉన్నాయి. లాండ్రీ ఆయన బాయిలరు ముక్క ఏదో పాడైందని సంచీ తీసుకున్నాడు.

"మడతలు పెట్టి ఉంచు. ఎవరైనా వస్తే సాయంత్రం రమ్మను. మధ్యాహ్నానికి వస్తా."

అంతే చెప్పాడు. చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఆయనకి అది ఎంత అలవాటంటే, ఎవరికైనా చెప్పాలన్న ఆలోచనే రాదు.

సూదిపిల్ల మొదటి చొక్కా తీసింది. కాలరు లోపల రెండు ఎర్ర పోగులు, ఒక పచ్చ పోగు. ముడి వేసి కొసలు వదిలేశారు. ఎవడీ దర్జీ, కచ్చాకుట్టు కూడా తియ్యలేదు అనుకుంది. పీకేసింది. రెండో చొక్కాకి నీలం. ప్యాంటు నడుము దగ్గర పసుపు. పిల్లల గౌనుకి కూడా. ఈ ఊళ్లో దర్జీలందరికీ సిగ్గు లేకుండా పోయిందని తాతకి చెప్పి నవ్వించాలనుకుంది. గోటికి రాని చోట కత్తెర తీసుకుంది. మధ్యాహ్నానికి నూరు పైచిలుకు బట్టలు మడత పడ్డాయి. తెల్లవి ఒక వరస, రంగువి ఒక వరస. నేల తుడిచి, పీకిన పోగులన్నీ చిన్న ఉండగా చుట్టి బల్ల మీద పెట్టింది. ఎంత పని చేసిందో ఆయనకి తెలియాలి కదా.

లాండ్రీ ఆయన వచ్చి వరసలు చూశాడు. మొహం విచ్చుకుంది. "ఓయబ్బో," అన్నాడు. తర్వాత ఉండ చూశాడు. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేంటి?"

"దారాలు బాబాయ్. లోపల వదిలేశారు. అన్నీ తీసేశాను."

"అన్నీనా?"

"ఒక్కటి కూడా వదల్లేదు."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. కోపం కూడా వెంటనే రాలేదు. "ఇంటికో గుర్తమ్మా అది," అన్నాడు మెల్లగా. "రెండెరుపులు ఒక పచ్చ అంటే డాక్టరు గారిల్లు. నీలం అంటే మేడ మీద వాళ్లు. నేను పుస్తకం రాయను. నాకు పుస్తకం అదే."

ఆ పిల్ల ఉండ విప్పడం మొదలుపెట్టింది. ఏ పోగు ఏ బట్టదో ఇక ఎవరికి తెలుస్తుంది? ముళ్లు మాత్రం విప్పుతూనే ఉంది.

సాయంత్రం తాతని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. తాత బల్ల ముందు కూర్చుని ఒక్కో చొక్కా కాలరు మడత వేళ్లతో తడిమాడు. కాజాలు తడిమాడు.

"ఇది నా కుట్టు. పోస్టాఫీసు ఆయనది. భుజం వంకర, అందుకే ఇక్కడ పట్టీ పెట్టా." పక్కన పెట్టాడు. "ఇది నాది కాదు. ఇది కాదు. ఇది కాదు."

రెండో వరస చివరిదాకా దాదాపు అదే మాట. గొంతు తగ్గుతూ వచ్చింది.

"తొమ్మిది," అన్నాడు లాండ్రీ ఆయన. "మిగతావి ఎవరివి పెద్దాయనా?"

"అవి కుట్టించినవి కావు, షాపులో కొన్నవి. అన్నీ ఒక్కలా ఉంటాయి. వాటికి దర్జీ చెయ్యి ఉండదు." తాత తన చేతులు చూసుకున్నాడు. "ఊళ్లో నావి ఇన్నే ఉన్నాయన్నమాట."

శనివారమంతా లాండ్రీ ముందు గోల. ఒకే తెల్ల చొక్కా నాదంటే నాదని ఇద్దరు గుంజారు. మేడ మీదావిడ, "నా చీర ఇంకొకత్తి కట్టుకుంటే ఊరుకుంటానా," అని గుమ్మంలోనే బైఠాయించింది. సూదిపిల్ల అందరికీ తనే ఎదురెళ్లి, తప్పు నాదేనండీ అని చెప్పింది. చెప్పిన కొద్దీ తిట్లు పెరిగాయి.

షట్టరు దించుతూ లాండ్రీ ఆయన అన్నాడు. "నువ్వు పనిమంతురాలివేనమ్మా. బద్ధకస్తురాలివైతే ఈ గొడవే ఉండేది కాదు." తాళం వేశాడు. "రేపట్నుంచి రావద్దు."

"ఇంకోసారి ఇలా చెయ్యను బాబాయ్. గుర్తులన్నీ నేర్చుకుంటా."

"నేర్చుకుంటావు. వచ్చేవాళ్లు నిన్ను చూసి గుమ్మం ఎక్కరు."

ఆదివారం పొద్దున్నే వ్యాను హారను మోగింది. సూదిపిల్ల ఇంట్లో ఉన్న సూదులన్నీ వెతికింది. పదకొండు దొరికాయి. అన్నిటికీ పొడుగ్గా దారం ఎక్కించి గుడ్డ ఉండకు గుచ్చింది. పొదుపుగా వాడితే వారం వస్తాయి. తర్వాత సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

తాత ఒక పొడుగు చేతుల చలి జాకెట్టు ఇచ్చాడు. నిన్నంతా ఆ పిల్ల లాండ్రీలో తిట్లు తింటుంటే కుట్టినట్టున్నాడు. "ఫారంలో పొద్దున పూట చలిగా ఉంటుందట. వేసుకెళ్లు." వేసుకుంది. భుజాలు సరిగ్గా కుదిరాయి.

వ్యాను కదిలింది. వెనక గుడ్ల అట్టలు గలగలమన్నాయి. మేనమామ చెడ్డవాడు కాదు, చాక్లెట్టు ఇచ్చాడు. సందు తిరిగాక పక్కకి చూసి, "అదేంటే, చెయ్యి పొడుగునా ఎర్ర దారం? ముసలాయన తియ్యడం మర్చిపోయినట్టున్నాడు. పీకెయ్యి," అన్నాడు.

సూదిపిల్ల చూసుకుంది. భుజం నుంచి మణికట్టు దాకా ఎర్రటి కచ్చాకుట్టు. తాత మర్చిపోయే మనిషి కాదు. ఎరుపు కూడా కనబడటం లేదన్నమాట.

వేలు దానంతటదే ఆ దారం దగ్గరకి పోయింది. పట్టుకుని, పీకకుండానే వేలు వెనక్కి తీసుకుంది.

"ఉండనీ మామయ్యా," అంది.